బుడుగు మా బడికి వస్తే

పిల్లలకు రాయడం రావడం లేదన్న మాట బడుల గురించి మాట్లాడుకునే ప్రతిచోటా వినిపిస్తుంది. టీచర్ల మీటింగుల్లో, తల్లిదండ్రుల కమిటీల్లో, బస్సులో పక్కసీటు పెద్దాయన నోటా అదే మాట. శ్రీకాకుళం జిల్లా కంచిలి చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెబుతూ వచ్చినవాడిగా నాకు ముందు కనిపించేది వేరు. మా పిల్లలకు చెప్పడం బ్రహ్మాండంగా వచ్చు.

మా తోటల సీమ ఉద్దానంలో జీడిపళ్లూ పనసపళ్లూ మాగే రోజుల్లో ఎలుగుబంట్లు తోటల్లోకి దిగుతాయి. అలాంటి ఒక రాత్రి గడిచిన మర్నాడు ఐదో తరగతి పిల్ల బడి అరుగు మీద కూర్చుని ఆ కథ చెబుతోంది. "మా నాన్న డబ్బా వాయించినాడు మేష్టారూ. కుక్క ముందు మొరిగింది, అది దగ్గరికొచ్చీసరికి మొరగడం మానేసి మంచం కిందకి దూరిపోనాది. మా మామ్మ తలుపు సందులోంచి సూస్తంది గానీ మమ్మల్ని సూడనివ్వదు. పొద్దున్న ఎల్లి సూస్తే సగం పనసపండు తినీసి, సగం మనకొగ్గేసినాది." చుట్టూ చేరిన పిల్లలు ఊపిరి బిగబట్టి వింటున్నారు. కథ ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు.

అదే పిల్లకు అదే రోజు మధ్యాహ్నం నోటు పుస్తకం ఇచ్చి ఎలుగుబంటి గురించి రాయమంటే ఏం రాసిందో చూడండి. ఎలుగుబంటి ఒక అడవి జంతువు. అది నల్లగా ఉండును. దానికి తేనె అనిన మిక్కిలి ఇష్టము. అంతే. మంచం కింద దూరిన కుక్క లేదు, తలుపు సందు లేదు, మామ్మ లేదు, సగం మిగిల్చిన పండు లేదు. అక్షరదోషం ఒక్కటీ లేదు గనుక మార్కులు మాత్రం పూర్తిగా వస్తాయి. పొద్దున్న అంత కథ చెప్పిన పిల్ల ఆ కాగితంలో ఎక్కడా కనిపించదు.

మాటకూ రాతకూ మధ్య ఇంత ఎడం ఎందుకొచ్చిందని ఆలోచిస్తే జవాబు దూరంగా ఏమీ లేదు. తన నోటితో పలికే మాట కాగితం మీదికి ఎక్కవచ్చని ఆ పిల్లకు ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. పుస్తకం మాట్లాడే తీరు వేరు, తను మాట్లాడే తీరు వేరు. రాయడమంటే పుస్తకంలా మాట్లాడటమే అని ఆమె అనుకుంది. ఈ అభిప్రాయం పోవాలంటే వ్యాకరణ పాఠం పనికిరాదు. తనలాగే మాట్లాడే పుస్తకం ఒకటి ఆమె చేతిలో పెట్టాలి. ఆ పుస్తకంలో బొమ్మలుండాలి. అది ఒక్క రోజుతో అయిపోకుండా రోజూ కొంచెం కొంచెం సాగాలి. అందుకు నేను ఎంచుకున్నది ముళ్లపూడి వెంకటరమణ రాసి, బాపు బొమ్మలు వేసిన 'బుడుగు'.

'బుడుగు' 1956-57 ప్రాంతాల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. దాన్ని నవల అనాలా, కబుర్ల పుస్తకం అనాలా అని పండితులు వాదించుకోవచ్చు. పిల్లల దృష్టిలో మాత్రం ఒకే కుర్రవాడు, ఒకే ఇల్లు, ఒకే వీధి, మొదటినుంచి చివరిదాకా వాళ్లతో నడిచే కథ. బామ్మ, బాబాయి, సీగానపెసూనాంబ, రెండుజెళ్ల సీత, పక్కింటి లావుపాటి పిన్నిగారు, ప్రైవేటు మేష్టారు, వీళ్లంతా రోజూ కనిపించే ఇరుగుపొరుగైపోతారు. ఈ పుస్తకంలో తరగతి గదికి అన్నిటికన్నా పనికొచ్చే సంగతి మొదట్లోనే ఉంది. బుడుగుకి రాయడం రాదు. అతను చెబుతాడు, వేరేవాళ్లు రాసిపెడతారు. అలా తెలుగువాళ్లు ఇష్టంగా చదువుకున్న పుస్తకాల్లో ఒకదానికి కర్త, కథలోపలి లెక్క ప్రకారం, ఇంకా రాయడం రాని పిల్లవాడు.

ఈ సంగతి మొదటిరోజు చెప్పగానే వెనక వరసలో కదలిక వచ్చింది. "రాయడం రాకపోయినా పుస్తకం ఏసేత్తారా మేష్టారూ?" అని అడిగాడొకడు. ఏడాది పొడుగునా నోరు విప్పని కుర్రవాడు వాడు. మర్నాడు చదువుతుంటే ఇంకొకడు, "ఈడు మనలాగే మాటాడతన్నాడేటి?" అన్నాడు. నిజానికి బుడుగు మాట్లాడేది మా యాస కాదు. పట్నంలో పెరిగిన మధ్యతరగతి పిల్లవాడి మాట అది. అయినా మా పిల్లలకు అది తమ మాటలాగే వినిపించింది. ఎందుకంటే అందులో ఒక పిల్లవాడు తనకు వినిపించినదాన్ని వినిపించినట్టే, తనకు తోచినదాన్ని తోచినట్టే చెబుతున్నాడు. పేరు సరిగా పలకలేకపోతే తన నోరు తిరిగినట్టే పలుకుతున్నాడు. రమణ ఆ పలుకుని సవరించలేదు, యథాతథంగా అచ్చువేయించారు. అచ్చులో అలాంటి మాట కనిపించడం మా పిల్లలకు పెద్ద ధైర్యం.

ఈ ధైర్యం మా జిల్లా పిల్లలకు అందకపోతే అది మరీ అన్యాయం. ఎందుకంటే మాట్లాడే భాషలోనే రాయాలన్న పోరాటం పుట్టిందే ఇక్కడ. గిడుగు రామమూర్తి పంతులు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మేష్టారుగా పనిచేశారు. కొండల్లోని సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశారు, బడులు పెట్టించారు. పుస్తకాల్లో తెలుగొకటి, జనం నోళ్లలో తెలుగు మరొకటి ఎందుకుందని ఏట్సు అనే ఇంగ్లీషు ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్న ఆయనను వ్యావహారిక భాషా ఉద్యమంలోకి దించింది. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టి మరీ వాదించారు. ఆయన పుట్టినరోజునే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ రోజు మా బడుల్లో ఆయన ఫోటోకి దండ వేస్తాం, పిల్లల చేత ఉపన్యాసాలు చెప్పిస్తాం. ఆ ఉపన్యాసాలు పిల్లల సొంత మాటల్లో ఉండవు. పెద్దలు రాసిస్తే బట్టీ పట్టి అప్పజెబుతారు. పంతులుగారికి ఇంతకన్నా మంచి నివాళి ఇవ్వగలం. ఆ రోజు ప్రతి పిల్లా తను చెప్పాలనుకున్నది తన మాటల్లో ఒక పేజీ రాస్తే చాలు.

కంచిలి మండలంలో ఈ మాట ఇంకాస్త బలంగా చెప్పాల్సి వస్తుంది. ఇది సరిహద్దు సీమ. ఇక్కడున్న రైల్వే స్టేషన్ పేరు సోంపేట, ఊరు కంచిలి. రైలు ఉత్తరంగా సాగితే ఇచ్ఛాపురం దాటగానే ఒడిశా. ఒకే బెంచీ మీద తెలుగు ఇంటి పిల్ల, ఒడియా ఇంటి పిల్ల పక్కపక్కనే కూర్చుంటారు. మహేంద్రగిరి వైపు వెళ్తే సవర పిల్లలు. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొకటి, పుస్తకంలో మూడోది. ఇలాంటిచోట పిల్ల నోట్లోంచి వచ్చే మొదటి మాటకే ఎర్రసిరా తగిలిస్తే ఆ పిల్ల రెండో మాట మాట్లాడదు. మొదటి మాటను గౌరవంగా రాసిపెడితే రెండోది, మూడోది వాటంతటవే వస్తాయి.

తరగతిలో ఈ పని ఎలా సాగుతుందో చెబుతాను. వినడానికి తేలిగ్గానే ఉంటుంది, చేయడానికి మాత్రం మేష్టారికి చాలా ఓర్పు కావాలి.

ముందు బొమ్మ. ఆ రోజు చదవబోయే భాగంలోని బాపు బొమ్మను అందరికీ కనిపించేలా పట్టుకుని నిలబడతాను. ఏమీ చెప్పను. బాపు బుడుగుని వేసినప్పుడు గీతలు చాలా తక్కువ ఖర్చుపెట్టారు. వెనకాల గోడ ఉండదు, గది ఉండదు. ఆ కుర్రవాడు నిలబడ్డ తీరులోనే వాడి ధీమా, వాడి కోపం, వాడు ఇప్పుడే చేసొచ్చిన పని అన్నీ ఉంటాయి. గీసిందానికన్నా వదిలేసింది ఎక్కువ కాబట్టి ఆ ఖాళీలోకి పిల్లలు వెళ్లి చేరతారు. "ఈడు ఏదో దొంగపని సేసొచ్చినాడు" అంటుంది ఒకతె. "కాదు, ఈణ్ణెవలో తిట్టినారు" అంటాడొకడు. ఎలా తెలిసిందని అడిగితే లేచొచ్చి, "సేతులు సూడండి మేష్టారూ" అని వేలుపెట్టి చూపిస్తాడు. చూసి, తోచింది చెప్పి, ఎందుకలా తోచిందో చూపించడం విమర్శకులు చేసే పని. అది చదువు సరిగా రాని పిల్ల కూడా చేస్తోంది.

తర్వాత చదవడం. నేనే గట్టిగా చదువుతాను. బామ్మకు బామ్మ గొంతు, బాబాయికి బాబాయి గొంతు. చదివే భాగం చిన్నదిగా ఉండాలి, ఆపే చోటు మంచిదిగా ఉండాలి. గంట కొట్టాక కూడా "ఇంకొంచెం మేష్టారూ" అన్నారంటే ఆ చోట సరిగా ఆపినట్టే. మర్నాడు ఎవరూ బడి ఎగ్గొట్టరు. చిన్న కథతో ఈ పని అవదు. చిన్న కథ పుట్టిన పూటే ముగిసిపోతుంది. నవలలోని మనిషి రాత్రి పిల్లలతో ఇంటికి వెళతాడు, వాళ్లతో అన్నం తింటాడు, పొద్దున్న వాళ్లతోపాటే బడికొస్తాడు. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ల కోసం, వాటికి చిత్రకారుడు 'చిత్ర' వేసిన బొమ్మల కోసం నెలంతా ఎదురుచూసిన తరాలకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఎదురుచూపు పట్టుకున్న పిల్ల చదువరి అవుతుంది.

మూడోది చెప్పడం. బుడుగు తన బాబాయి గురించి చెప్పాడు కదా, మీ బాబాయి గురించి మీరు చెప్పండి. ఒకరు చెబుతుంటే నేను నల్లబల్ల మీద రాస్తాను. చెప్పింది చెప్పినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా. "మా సిన్నాన్న ఈరావల్ ఎల్లిపోనాడు. సేపలు పడతాడు. ఫోన్లో అలల సప్పుడే ఇనిపిస్తది, మాట ఇనిపించదు." మా తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు వెళ్లే మత్స్యకార కుటుంబాల్లో ఇది ప్రతి పిల్లకూ తెలిసిన సంగతి. ఆ కుర్రవాడు తన మాటలు బల్ల మీద తెల్లగా నిలబడటం చూశాడు. తరగతి మొత్తం వాటిని గట్టిగా చదివింది. తర్వాత వాడు పరిగెత్తుకెళ్లి నోటు పుస్తకం తెచ్చుకుని ఆ మూడు వాక్యాలూ ఎక్కించుకున్నాడు. ఎక్కించుకుని నాలుగోది సొంతంగా చేర్చాడు. ఆ నాలుగో వాక్యం కోసమే ఈ శ్రమంతా.

ఇక్కడ జపాన్ వాళ్ల పుస్తకం ఒకటి గుర్తుకొస్తుంది. తెలుగులో 'రైలుబడి' పేరుతో చాలామందికి తెలిసిన తోత్తో-చాన్ కథ. తెత్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసింది, 1981లో పుస్తకమైంది. పాత రైలు పెట్టెలే తరగతి గదులైన ఆ బడిలో హెడ్మాస్టరు కొబయాషిగారు, వేరే బడి నుంచి పంపేసిన పిల్లను చేర్చుకున్న మొదటిరోజు, ఏం చెప్పాలనుంటే అది చెప్పమని ఎదురుగా కూర్చుని నాలుగు గంటలపాటు విన్నారు. పిల్ల దగ్గర చెప్పడానికి ఇంకేమీ మిగలనంతవరకూ విన్నారు. రైలు కూత వింటూ పెరిగే మా పిల్లలకు ఆ రైలు పెట్టెలు ఎంతో నచ్చుతాయి. నాకు మాత్రం ఆ నాలుగు గంటలే పాఠం. మనం పిల్లల చేత రాయించడానికి ఎన్నో పథకాలు వేస్తాం గానీ వాళ్లు చెప్పేది పూర్తిగా వినడానికి పీరియడ్ కేటాయించం.

ఆ పుస్తకం బొమ్మల వెనక కూడా ఒక విశేషం ఉంది. వాటిని వేసిన చిహిరో ఇవసాకి 1974లోనే చనిపోయింది. పుస్తకం వచ్చేసరికి ఆమె లేదు. ఆమె అంతకుముందెప్పుడో వేసిన పిల్లల బొమ్మల్లోంచి ఏరి, కథకు సరిపోయేవి జతచేశారు. అంటే బొమ్మ ముందు, మాట తర్వాత. ఈ పద్ధతి మా తరగతికి చక్కగా సరిపోయింది. ముందు బొమ్మ వేసుకున్న పిల్లకు రాసేటప్పుడు ఏం రాయాలా అన్న బెంగ ఉండదు. బొమ్మలో ఏం వేసిందో అది చెబితే చాలు. 'చందమామ' ఫోటో వ్యాఖ్యల పోటీలో రెండు ఫోటోలకు రెండు వ్యాఖ్యలు పోస్టుకార్డు మీద రాసి పంపినవాళ్లు ఈ పనే చేశారు. తెలుగునాట ఎందరికో అదే తొలి రచన అయ్యుంటుంది.

పిల్లల బొమ్మల విషయంలో పెద్దలు తొందరపడి పేరు పెట్టకూడదు. ఫ్రెంచి రచయిత సెంట్ ఎగ్జుపెరీ 1943లో సొంత బొమ్మలతో అచ్చువేసిన చిన్న రాజకుమారుడి కథ మొదట్లో ఒక పిల్లవాడు ఏనుగును మింగిన కొండచిలువను గీస్తే పెద్దలందరూ టోపీ అంటారు. మా తరగతిలో ఒక పిల్ల కాగితం నిండా నల్లరంగు పూసి, మధ్యలో రెండు ఎర్రచుక్కలు పెట్టింది. ఏమిటని అడిగాను. "మా అమ్మ సేతులు. జీడిపిక్కలు కోసి కోసి నల్లగయిపోనాయి. అవి గాజులు" అంది. పలాస చుట్టుపక్కల జీడిపిక్కల పనికి వెళ్లే ఆడవాళ్ల చేతులకు ఆ నూనె మరక పట్టిందంటే వదలదు. ఆ పిల్ల బొమ్మ కింద రాసింది కూడా పొట్టిదే. పండక్కి అందరూ గోరింటాకు పెట్టుకున్నారట, అమ్మ కూడా పెట్టుకుందట, ఎర్రగా పండిందో లేదో ఎవరికీ తెలియలేదట. మరక కనిపించే చేతిని, కనిపించని గోరింటాకును ఒకేచోట పెట్టిన ఆ నాలుగు ముక్కలు చదివి నేను చాలాసేపు ఆ కాగితాన్ని పక్కన పెట్టలేకపోయాను.

యాసలో రాయిస్తే పరీక్షల్లో ఏం చేస్తారని తోటి మేష్టర్లు అడుగుతారు. తల్లిదండ్రులకైతే ఇంకా భయం. "మాలాగా మాటాడకూడదనే కదా బాబూ బడికి పంపింది" అంటారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వాళ్ల మాట చూసి ఎక్కడెక్కడ ఎవరెవరు నవ్వారో వాళ్లకు తెలుసు. నా సమాధానం ఒక్కటే. పిల్ల మొదటి కాగితం ఆమెది, రెండో కాగితం బడిది. మొదటి కాగితం మీద ఎర్రసిరా పడదు. రెండోసారి రాసేటప్పుడు, పత్రికలో వేయాలంటే ఈ మాట ఎలా ఉంటుందో, పరీక్షలో ఎలా ఉండాలో కూర్చుని మాట్లాడుకుంటాం. 'ఎల్లిపోనాడు' అని రాసిన పిల్లకు 'వెళ్లిపోయాడు' అని రాయడం నేర్పడానికి ఎక్కువ సమయం పట్టదు. ఏమీ రాయని పిల్లకు దేన్ని సవరించి నేర్పుతాం? రెండు రూపాలూ తెలిసిన పిల్ల ఎక్కడ ఏది వాడాలో తేల్చుకోగలదు. ఒక్కటే తెలిసి, అదీ భయంతో పట్టుకున్న పిల్ల ఎక్కడికెళ్లినా తడబడుతూనే ఉంటుంది.

మేష్టారు కాగితం మీద ముందుగా వెతకాల్సింది తప్పును కాదు. బాగున్న ఒక్క మాటను వెతికి, ఆ మాటను తరగతికి చదివి వినిపించాలి. మెచ్చుకోలు కూడా గాలికి చెప్పినట్టు ఉండకూడదు. గుడ్ అని రాసి సంతకం పెడితే పిల్లకు ఏమీ తెలియదు. "కుక్క మంచం కిందకి దూరిందని రాశావు చూడు, అక్కడ నాకు నిజంగా భయమేసింది" అంటే తెలుస్తుంది. ఎలుగుబంటి కథ చెప్పిన పిల్ల కొన్నాళ్లకు ఆ కథను మళ్లీ రాసింది. ఈసారి మొదటి వాక్యం కుక్కతో మొదలైంది. అడవి జంతువు అన్న ముక్క ఎక్కడా లేదు.

'బుడుగు' ఒక్కటే చాలదని కూడా చెప్పాలి. అది గొప్ప పుస్తకం, కానీ అది మా ఊరు కాదు. దానిలోని ఇల్లు వేరు, కాలం వేరు, ఆ ఇంట్లో ఉన్న సౌకర్యాలు వేరు. కొన్ని చమత్కారాలు పెద్దవాళ్లను ఉద్దేశించినవి, వాటిని దాటేసి చదువుతాను. అందులో కథంతా నడిపేది మగపిల్లవాడు. మా తరగతిలో సగంమంది ఆడపిల్లలు, వాళ్లలో చాలామంది బడికొచ్చే ముందే ఇంట్లో నీళ్లు పట్టి, తమ్ముణ్ణి తయారుచేసి వస్తారు. మరి వాళ్ల నవల ఏది? ఇదే ప్రశ్న పిల్లల్ని అడిగాను. మనమే రాద్దామన్నారు.

అలా మొదలైన తరగతి నవలలో నాయిక ఆడపిల్ల. ఆమె పేరు కోసం పెద్ద గొడవే జరిగింది. ఒక్కో అధ్యాయం ఒక్కో జట్టు పని, ఇద్దరు రాస్తే ఇద్దరు బొమ్మలు వేస్తారు. బారువ సముద్రం ఒడ్డున తాబేలు గుడ్లు పెట్టడం ఒక అధ్యాయం. పనసకాయలు ఎక్కించుకున్న లారీ వెనక పరిగెత్తడం ఇంకొకటి. మరొకటి 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను. ఈ పిల్లల్లో ఎవరికీ ఆ రాత్రి గుర్తులేదు. అందుకని ఇంటికెళ్లి మామ్మల్ని, తాతల్ని అడిగొచ్చారు. తుపాను గురించి చెప్పమంటే ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు కొబ్బరిచెట్ల లెక్కే ముందు చెప్పారట. ఎన్ని ఉండేవి, ఎన్ని పడిపోయాయి, ఏ చెట్టు ఎవరు పుట్టినప్పుడు నాటింది. ఒక అధ్యాయంలో నాయిక తాత డయాలసిస్‌కు వెళ్లివస్తాడు. ఆ రోజు ఆమె తాతకు మంచంమీద దిండు సర్ది, దగ్గర కూర్చుని కథ చదివి వినిపిస్తుంది. మా సీమను పట్టి పీడిస్తున్న ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఎన్నో నివేదికలు వచ్చాయి. దాన్ని మనవరాలి వైపు నుంచి రాసిన పేజీలు మా పిల్లలు రాశారు. ఒడియా ఇంటి పిల్ల రాసిన భాగంలో వాళ్లమ్మ మాటలు ఒడియాలోనే, తెలుగు లిపిలో ఉన్నాయి. అర్థాలు పక్కనే కూర్చున్న స్నేహితురాలు రాసిపెట్టింది.

పిల్లలు రాసింది పిల్లలకే చదివిస్తే ఏమవుతుందో తెలుగు సాహిత్యానికి తెలియని సంగతి కాదు. మా పొరుగునున్న బరంపురంలో పుట్టిన న్యాయపతి రాఘవరావు, మనందరి రేడియో అన్నయ్య, 1945లో 'బాల' పత్రిక ప్రారంభించారు. ఆ ఏడాదే ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ అందులో అచ్చయింది. అప్పటికి రమణకు పద్నాలుగేళ్లు. బాపు చిన్ననాటి బొమ్మలకూ ఆ పత్రికే చోటిచ్చింది. పద్నాలుగేళ్ల కుర్రవాడు రాసినదాన్ని ఒక పెద్దాయన శ్రద్ధగా చదివి అచ్చువేశారు. పదేళ్లు దాటాక ఆ కుర్రవాడి నుంచి బుడుగు పుట్టాడు. మన తరగతిలో వెనక వరసలో కూర్చున్నవాళ్లలో ఎవరున్నారో మనకు తెలియదు, కనక అందరి కాగితాలూ శ్రద్ధగా చదవాలి.

ఇప్పుడు పిల్లల పుస్తకాలకు కరువేమీ లేదు. మంచి పుస్తకం సంస్థ బొమ్మల పుస్తకాలు అందుబాటు ధరల్లో తెస్తోంది. అమెరికా తెలుగువారి సంస్థ తానాతో కలిసి బొమ్మల కథలకూ పిల్లల నవలలకూ పోటీలు పెట్టి కొత్త రచయితలనూ చిత్రకారులనూ బయటికి తెచ్చింది. ప్రభుత్వం 'చదవడం మాకిష్టం' అంటూ బడుల్లో చదువు పండగలు జరిపింది. మేష్టారుగా బతికిన కాళీపట్నం రామారావుగారు 1997లో మా జిల్లాలోనే, శ్రీకాకుళంలో, కథానిలయం కట్టి తెలుగు కథకు ఒక ఇల్లు చూపించారు. చాలా బడుల్లో మాత్రం పుస్తకాలు బీరువాలో ఉంటాయి, తాళం ఆఫీసుగదిలో ఉంటుంది. చిరిగితే ఎవరు జవాబు చెప్పాలన్న భయం ఒకటి. చిరిగిన పుస్తకం చదివిన పుస్తకమని రిజిస్టరులో రాసుకునే ధైర్యం హెడ్మాస్టర్లకు అధికారులు ఇవ్వాలి.

అందుకని తోటి ఉపాధ్యాయులకు నా విన్నపం. మీ తరగతికి సరిపోయే బొమ్మల నవల ఒకటి ఎంచుకోండి. బుడుగే కానక్కర్లేదు. రోజూ అరగంట దానికివ్వండి. దాని మీద ప్రశ్నపత్రం పెట్టకండి. తల్లిదండ్రులకు ఒక మాట: మీకు చదువు రాకపోయినా పరవాలేదు, పిల్ల చదివి వినిపిస్తే కూర్చుని వినండి, మీ చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పండి, అది రేపు ఆమె కాగితం మీదికి వస్తుంది. రచయితలకూ చిత్రకారులకూ ఇంకో మాట: మా ఉద్దానం తోటలు, బీల అనే చిత్తడి నేలలు, మా సముద్రం, మా పిల్లల మాట ఉన్న బొమ్మల నవలలు మాకు కావాలి. రాయండి, గీయండి. మేం చదువుతాం, పిల్లలచేత మీకు ఉత్తరాలు రాయిస్తాం. ఇక బీరువా తాళం తీయండి, బొమ్మ చూపించండి, గట్టిగా చదవండి. ఆ తర్వాత పిల్లలు చెప్పేది చెప్పినట్టే రాసిపెట్టండి. మిగతాది వాళ్లే రాసుకుంటారు.